పరిసరములును ప్రజారోగ్యమును

ఆరోగ్యమే మహాభాగ్యమని మన పెద్దలు చెప్పుదురు. ఈ మాట ఎఱుగనివారు మనలో లేరు. అయినను ఆ భాగ్యము ఎవరికి ఎట్లు దొరకుచున్నదో, ఎవరికి ఏల దొరకకున్నదో విచారించువారు కొలదిమందియే. ఒకే పట్టణమున, ఒకే ఋతువున, ఒకే వైద్యశాలకు పోవు రెండు పేటలలో ఒక పేటవారు ఏటేట అతిసారముతోను జ్వరములతోను బాధపడుచుండ, రెండవ పేటవారు సుఖముగా నుండుటను మనము చూచుచున్నాము. ఉభయుల రక్తమాంసములు ఒక్కటియే. వారికిచ్చు మందులును ఒక్కటియే. మఱి ఈ భేద మెక్కడిది?

ఈ ప్రశ్నకు సమాధానమును మేము విజయవాడ చుట్టుపట్లను, కృష్ణా డెల్టా గ్రామములందును వెదకదలచితిమి. వ్యాధి మనుష్యుని శరీరమున బయలుపడును గాని, దాని మూలము తఱచుగా అతడు త్రాగు నీటియందును, నివసించు నేలయందును, సంఘమున అతనికి గల స్థానమునందును ఉండును. వైద్యుడు రోగిని జూచును. ప్రజారోగ్యశాస్త్రము రోగి నివసించు వీధిని జూచును. ఈ రెండవ చూపును అలవఱచుకొనుట విద్యార్థులకును, వారి తలిదండ్రులకును మిక్కిలి అవసరమని మా యభిప్రాయము.

కఱవునుండి కాలువకు

డెల్టా కథ ఆకలితో ఆరంభమైనది. 1832-33లో, నందన నామ సంవత్సరమున, గుంటూరు సీమలో వచ్చిన కఱవును జనులు డొక్కల కఱవని పిలిచిరి. ఆ సీమలోనే లక్షకు పైబడి జనులు మరణించిరి. కఱవుకాలపు మరణములన్నియు కేవలము ఆకలివలననే కలుగునని తలపరాదు. తిండిలేక క్షీణించిన శరీరమును విషూచియు, అతిసారమును, జ్వరములును సులభముగా లోబఱచుకొనును. ఆకలి తలుపు తెఱచిన, వ్యాధి లోనికి వచ్చును. కృష్ణానది ప్రక్కనే యున్నను దాని నీరు పొలములకెక్కు మార్గము ఆనాడు లేకుండెను.

తరువాత ఇరువది యేండ్లకు, సర్ ఆర్థర్ కాటన్ దొర ప్రోత్సాహమున, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణమున, ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ ఆనకట్ట కట్టబడినది. పని 1852లో ఆరంభమై 1855లో ముగిసెను. 1952లో ఆ కట్ట తెగిపోగా, 1957 నాటికి ప్రకాశం బ్యారేజి నిర్మింపబడెను. నేడు దాని క్రింద సుమారు 13 లక్షల ఎకరముల భూమి సాగగుచున్నది. ఈ కట్టడము ఒక్క మందుచుక్కయు లేకయే కాపాడిన ప్రాణములు లెక్కింపనలవి కానివి. ఆరోగ్యము వైద్యశాలలోనే పుట్టదనుటకు ఇంతకంటె ప్రబలమైన నిదర్శన మేమి కావలయును?

ఎగువయు దిగువయు

అయితే కాలువ మేలును మాత్రమే మోసికొనిపోదు. బ్యారేజినుండి తూర్పు డెల్టాకు పోవు బందరు, ఏలూరు, రైవస్ కాలువలు మూడును విజయవాడ నడిబొడ్డుననే పాఱును. వేఱు చోటు దొరకని పేదలెందఱో ఈ కాలువగట్లపై ఇండ్లు వేసికొని కాపురముండిరి. పట్టణపు వీధుల మురుగును, చెత్తయు చాలచోట్ల కాలువలలో చేరుచు వచ్చినవి. అదే నీరు పట్టణము దాటి పల్లెలకు పోవును. డెల్టా గ్రామములలో మంచినీళ్ళ చెఱువులు కాలువ నీటితోనే నిండును. వేసవిలో కాలువలు కట్టివేయుదురు గనుక, ముందుగా చెఱువు నింపుకొని, మరల కాలువ వచ్చువఱకు ఆ నీటినే వాడుకొనవలెను.

నూతులు త్రవ్వుకొనరాదా యని కొందఱు అడుగవచ్చును. దివిసీమలోను, బందరు తీరప్రాంతమునను చాలచోట్ల భూమిలోని నీరు ఉప్పన. అందుచేత కాలువ కొసనున్న గ్రామమునకు వేఱు దిక్కు లేదు. ఎగువవాడు విడిచినది దిగువవాడు త్రాగును. ఈ యొక్క వాక్యమున డెల్టా ఆరోగ్యచరిత్ర చాలవఱకు ఇమిడియున్నది.

మలిన జలమువలన వ్యాధి వచ్చుననుట నేడు చిన్నపిల్లలకును తెలిసిన మాటయే. కాని ఈ జ్ఞానము లోకమునకు శ్రమతో లభించినది. 1854లో లండను నగరమున విషూచి చెలరేగినపుడు, జాన్ స్నో అను వైద్యుడు చనిపోయినవారి ఇండ్లను పటముపై గుర్తించి, వానిలో పెక్కు బ్రాడ్ వీధియందలి ఒక చేతిపంపు చుట్టునే యున్నవని చూపెను. అధికారులు ఆ పంపు పిడిని ఊడదీయించిరి. 1884లో రాబర్టు కాక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కలకత్తాలో ఒక చెఱువు నీటియందే విషూచి క్రిములను కనుగొనెను. ఆ చెఱువు మన చెఱువులవంటిదే: జనులు అందులోనే స్నానము చేసిరి, అందులోనే బట్టలుతికిరి, ఆ నీటినే త్రాగిరి.

కొళాయిలు వచ్చిన పిమ్మట ఈ భయము తీఱినదని తలచువారు కలరు. 2018 మార్చి నెలలో గుంటూరు పాతనగరమున ఆనందపేట మొదలగు చోట్ల మురుగునీరు త్రాగునీటి గొట్టములలో కలియుటచే వందలకొలది జనులు అతిసారము పాలైరి, పలువురు మరణించిరి. ఇట్టిది ఎట్లు జరుగునో తెలిసికొనుట మంచిది. గొట్టము ఎల్లవేళల నీటితో నిండియున్నచో లోపలి ఒత్తిడి వలన పగుళ్ళనుండి నీరు వెలికి పోవునే కాని మురుగు లోనికి రాదు. కాని నీరు దినమునకు కొన్ని గంటలే విడిచినపుడు, తక్కిన కాలమున గొట్టములో ఒత్తిడి తగ్గిపోవును. అప్పుడు ప్రక్కనున్న మురుగు పగుళ్ళగుండ లోనికి చేరును. మరల కొళాయి విప్పినపుడు మొదటి బిందెలోనికి వచ్చునది ఆ మురుగే. పాతపేటలలో నీటి గొట్టమును మురుగుకాలువయు ఒకే యిఱుకుసందున ప్రక్కప్రక్కనే పోవుచుండుటచే అపాయము అచటివారికే అధికము. కావున మన వీధికి కొళాయి వచ్చినదా అని అడుగుట చాలదు; ఆ గొట్టము దేనిగుండ వచ్చుచున్నదని కూడ అడుగవలెను.

దోమకును దోమకును భేదము

డెల్టాలో నీరు లేని చోటు లేదు. కావున దోమ లేని చోటును లేదు. 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ సికిందరాబాదులో దోమ కడుపున మలేరియా క్రిమిని కనుగొనినది మొదలు, దోమ కేవలము నిద్ర చెఱుపు పురుగు కాదని లోకము గ్రహించినది. అయితే దోమలన్నియు ఒక జాతివి కావు. ఏ నీటికి ఆ దోమ కలదు. మలేరియాను వ్యాపింపజేయు అనాఫిలిస్ దోమ మెల్లగా కదలు తేట నీటియందును, పంటబోదెలందును, వరిమళ్ళయందును గ్రుడ్లు పెట్టును. బోదకాలు వ్యాధిని తెచ్చు క్యూలెక్స్ దోమకు కుళ్ళిన మురుగుగుంటలే ప్రియము. డెంగీ జ్వరమును తెచ్చు ఏడిస్ దోమ ఇంటిలోని తొట్లయందును, పారవేసిన టైర్లయందును, కొబ్బరిచిప్పలయందును నిలిచిన మంచినీటిలో పెరుగును. అది పగటివేళ కుట్టును.

ఇందలి నీతి యేమనగా, దోమను చూచినవాడు ఆ యూరి జీవనమును చదువగలడు. క్యూలెక్స్ హెచ్చుగా నున్నచో ఆ యూరికి మురుగు పాఱుదల లేదు. ఏడిస్ హెచ్చుగా నున్నచో జనులు నీటిని నిలువచేసికొనుచున్నారు. తొట్టి నింపుకొనిన గృహిణిని నిందించుట సులభము. కాని కొళాయి కొలదిసేపే వచ్చుటచేత ఆమె నీరు దాచుకొనినదని గ్రహించుట న్యాయము. ఆమెకు తొట్టిపై మూత వేయుటయు, వారమునకొకమాఱు తొట్టి కడిగి ఆరబెట్టుటయు నేర్పవలెను. నీటి సరఫరా చేయువారికి వేళ తప్పక నీరిచ్చుట నేర్పవలెను. ఈ రెండును జరిగినగాని జ్వరము తగ్గదు.

బోదకాలు విషయమున మన డెల్టాలకు ఒక విచిత్రమైన సంబంధము గలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లె పరిశోధనశాలలో పనిచేయుచుండగా, వారి నాయకత్వమున 1947లో హెట్రజాన్ అను మందు వెలువడినది. బోదకాలు క్రిమిపై నేటికిని ఈ మందునే వాడుచున్నారు. 2004 మొదలు మన దేశమున బోదకాలుగల జిల్లాలలో ప్రజలందఱికిని దీనిని పంచిపెట్టు కార్యక్రమము విస్తరించినది. మందు కనిపెట్టినది మన తెలుగు డెల్టావాడే. అయినను అటుపిమ్మట ఎన్నో దశాబ్దములవఱకు ఆ వ్యాధి మన తీరజిల్లాలను విడువలేదు. ఏల? మందు క్రిమిని చంపును గాని మురుగుగుంటను పూడ్చదు. వైద్యుడు తన పని చేసినను, ఊరు తన పని చేయనిచో వ్యాధి మరల తిరిగివచ్చును.

పల్లపు నేల, తీరపు నేల

నీటివలె వరదయు పల్లమునే కోరును. పల్లమున ఎవరు నివసింతురో చూడుడు. బుడమేరు విజయవాడ ప్రక్కగా వచ్చి కొల్లేటిలో కలియు ఏఱు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేరు, వచ్చిన వరదను తనలో దాచుకొని ఉప్పుటేఱు మార్గమున మెల్లగా సముద్రమునకు విడుచును. ఆ సరస్సు చేపల చెఱువుల గట్లతో నిండిపోగా, 2005-06లో ప్రభుత్వము అనేకమైన గట్లను కొట్టివేయించినది. ఏటికిని సరస్సునకును చోటు తగ్గించిన కొలది, వరద తన చోటును జనుల యిండ్లలో వెదకుకొనును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు గట్లు తెగి, అజిత్‌సింగ్ నగర్ మొదలగు ప్రాంతములు దినములతరబడి నీటిలో నుండినవి. అదే సమయమున కృష్ణానదిలో ప్రకాశం బ్యారేజి వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పాఱినది. మొగల్రాజపురమున కొండచరియ విఱిగిపడి కొందఱు మరణించిరి.

పల్లమునను, ఏటి దారిలోను, కొండవాలునను ఇండ్లు కట్టుకొనినవారిని తెలివిలేనివారని యెంచరాదు. భయముగల నేలకు వెల తక్కువ. మెరక నేలకు వెల యెక్కువ. కూలిచేసి బ్రతుకువాడు తన శక్తికి తగిన నేలనే కొనును. వరద తీసిన పిమ్మట కలుషిత జలమువలన అతిసారము, ఎలుకల మూత్రము కలిసిన బురదలో నడచుటవలన జ్వరము, నిలిచిన నీటివలన దోమలు బయలుదేఱును. ఈ కష్టములు గూడ మొదట ఆ పల్లపు పేటలకే వచ్చును.

సముద్రతీరపు చరిత్ర ఇంకను స్పష్టముగా బోధించుచున్నది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచివేయగా సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలమంది చనిపోయిరి. ప్రాణము దక్కినవారికి చెఱువులన్నియు ఉప్పునీటితోను కళేబరములతోను నిండి, త్రాగుటకు గ్రుక్కెడు మంచినీరు దుర్లభమైనది. 1990 మే నెలలో దాదాపు అంతటి తుఫానే మరల కృష్ణాతీరమును తాకినది. కాని ముందుగా హెచ్చరించి లక్షకు పైగా జనులను తరలించుటచేతను, తుఫాను ఆశ్రయభవనములు కట్టబడియుండుటచేతను మరణములు వెయ్యికి లోపుననే నిలిచినవి. సముద్రము మాఱలేదు, గాలి మాఱలేదు. మాఱినది సంఘముయొక్క సిద్ధపాటు. ప్రకృతి గాలిని పంపును. ఎందఱు చావవలెనో నిర్ణయించుటలో మనుష్యులకును పాలు కలదు.

ఎండ విషయమును ఇట్టిదే. రోహిణికార్తెలో రోళ్ళు పగులునని మనవారి సామెత. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశమున వడదెబ్బచే వెయ్యిమందికి పైగా మరణించిరి. ఎండ అందఱిపైనను కాయును గాని, మిట్టమధ్యాహ్నము పనిమాని నీడకు పోగలిగినవాడు వేఱు, పని మానిన ఆనాటి కూలి పోవునని ఎండలోనే నిలిచినవాడు వేఱు.

సంఘముయొక్క స్థితి

ఇంతవఱకు నేలను నీటిని గూర్చి చెప్పితిమి. కాని నీరు ఎవరిది అను ప్రశ్న మిగిలియున్నది. మన గ్రామములలో ఒకే యూరికి వేర్వేఱు నూతులు, వేర్వేఱు చెఱువులు ఉండెడివి. మంచి నీటియొద్దకు కొందఱిని రానీయకుండుట ఆచారముగా సాగినది. రానీయనివాడు తాను శుచిగా నుంటినని తలచెను; రానీయబడనివాని బిడ్డ మలినజలము త్రాగి మంచము పట్టెను. పడమటి డెల్టాలోని కారంచేడు గ్రామమున 1985 జూలై నెలలో, తాము త్రాగు చెఱువు నీటిని పశువుల కుడితితో పాడుచేయవలదని మాదిగపేటవారు అడ్డుచెప్పుటతో తగవు పుట్టినది. మఱునాడు పేటపై దాడి జరిగి ఆఱుగురు చంపబడిరి. వారు కోరినది ధనము కాదు, భూమి కాదు. పిల్లలు త్రాగుటకు తగిన నీరు. 1989లో పార్లమెంటు చేసిన అత్యాచార నిరోధక చట్టమున, షెడ్యూల్డు కులములవారును తెగలవారును వాడు నీటిని మలినపఱచుట నేరముగా పేర్కొనబడినది. నీటి శుద్ధియు మనుష్యుని గౌరవమును ఒక్కటేయని చట్టము ఒప్పుకొనిన దినమది.

స్త్రీల స్థితి రెండవది. పిడకలతోను కంపతోను వంటచేయు ఇంటిలో, గాలి పోవు దారిలేని గదిలో, పొగ నంతటిని పీల్చునది తల్లియు, ఆమె చంకలోని బిడ్డయు. దగ్గు, ఊపిరితిత్తుల వ్యాధులు వారికే ముందు వచ్చును. 1999లో దీపం పథకము క్రింద స్త్రీల సంఘములకు వంటగ్యాసు ఇచ్చుట మొదలుపెట్టిరి. ఇదియు పొయ్యిమార్గమున వచ్చిన ఆరోగ్యమే. తల్లి చదువుకొనిన ఇంట శిశుమరణములు తక్కువగుట లోకమంతట కనబడిన సత్యము. ఆడుపిల్లను బడికి పంపు తండ్రి, తాను చూడబోని మనుమల ప్రాణములకు గూడ రక్ష కట్టుచున్నాడు.

ఇన్ని చెప్పి నిరాశ కలిగించుట మా యుద్దేశము కాదు. నారికురుపు కథను వినుడు. రోగి కాలిపై పుండునుండి వెలువడు పురుగు, అతడు దిగుడుబావిలో దిగినపుడు నీటిలో పిల్లలను విడుచును. వానిని మ్రింగిన కంటికి కానరాని నీటిపురుగులు త్రాగువారి కడుపులోనికి పోవును. దీనికి టీకా లేదు, తగిన మందు లేదు. తెలుగుదేశమున పెక్కు గ్రామములు దీనివలన బాధపడినవి. నీరు వడగట్టుకొనుటయు, దిగుడుబావులను చేదబావులుగా మార్చుటయు, రోగిని నీటిలో దిగనీయకుండుటయు - ఇంతమాత్రము చేతనే ఆ వ్యాధి దేశమునుండి పోయినది. 2000 సంవత్సరమున భారతదేశము నారికురుపు లేని దేశముగా ప్రకటింపబడినది. ఒక బట్టముక్కయు, ఊరి యైకమత్యమును కలిసి జయించిన వ్యాధి ఇది.

మన కర్తవ్యము

మద్రాసు రాష్ట్రమున 1939లో ప్రజారోగ్య చట్టము ఏర్పడినపుడు, విజయవాడ పురపాలకసంఘమునకు అప్పటికే ఏబది యేండ్లు నిండినవి. అది 1888లో స్థాపింపబడెను. చట్టములును, సంఘములును మనకు కొత్తవి కావు. కొఱతయైనది వానిని అడుగు పౌరుల శ్రద్ధ.

తలిదండ్రులు ఇంటిలో చేయదగినవి కొన్ని కలవు. వర్షకాలమున నీరు కాచి చల్లార్చి త్రాగవలెను. బిందెలో చేయి ముంచక గరిటెతో తీసికొనవలెను. మలవిసర్జన తరువాతను, అన్నమునకు ముందును సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. కాలువలో చెత్త వేయుటకు ముందు, దిగువ గ్రామమున ఆ నీటికై బిందెతో నిలిచిన స్త్రీని ఒక్కసారి తలచుకొనవలెను. కాని ఇంటిలోని శుచి మాత్రమే చాలదు. మన యిల్లు తళతళలాడుచుండగా ప్రక్కపేటలో మురుగు నిలిచియున్నచో, అచటి దోమకు మన గోడ అడ్డము కాదు.

విద్యార్థులారా! జాన్ స్నో చేసినపని మీరును చేయగలరు. ఒక కాగితముపై మీ వీధి పటమును గీయుడు. కొళాయి యెక్కడ, మురుగు యెక్కడ, నీరు నిలుచు గుంట యెక్కడ, ఈ యేడు జ్వరము వచ్చిన ఇండ్లేవి అని గుర్తుపెట్టుడు. గుర్తులన్నియు ఒకచోట గుమిగూడినచో, అది దైవఘటన యని ఊరకుండక, పెద్దలతో కలిసి వెళ్ళి ఆ పటమును అధికారులకు చూపుడు. మీలో కొందఱు వైద్యులగుదురు, కొందఱు ఇంజనీర్లగుదురు, కొందఱు పొలము దున్నుదురు, కొందఱు ఉపాధ్యాయులగుదురు. వైద్యుడొక్కడే ప్రాణములు కాపాడునని తలపకుడు. మురుగుకాలువను వాలుచూచి త్రవ్వించినవాడును, అందఱికిని ఒకే నీటిరేవు తెఱచినవాడును, ఎగువనుండి దిగువవానిని తలచినవాడును ప్రాణములు కాపాడినవారే.